రేపు, రేవు

తెర కింది మూలలో చిన్న పెట్టె.
"కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఇప్పుడా? రేపా?"
ఎదువీహిస్ రేపు నొక్కుతుంది.
దయ్యం గుమ్మం దాటకుండా
తలుపు మీద బొగ్గుతో రాసినట్టు: రేపు రా.
దయ్యానికి చదువొచ్చు. పాపం, మళ్ళీ రేపే వస్తుంది.
రెండొందల పదకొండు రోజులుగా ఇదే తంతు.

చిలోయే దీవుల్లో పద్నాలుగు టికెట్ కౌంటర్లు,
అన్నిటి కంప్యూటర్లూ నా పూచీ.
నా పట్టికలో పదమూడు పచ్చ చుక్కలు,
ఒకటి ఎరుపు, మానని కురుపులా.
ఆటోమేటిక్ చేసి రమ్మన్నారు.
తెల్లవారుజామున మూడింటికి, ఎవరినీ అడగకుండా
దానంతటదే దిగి, దానంతటదే సర్దుకుని
పొద్దున్నే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

చాదస్తం అనుకున్నాను.
ఆఫీసులో ఆమె మీద జోకులున్నాయి:
ఆవిడ గడియారంలో కూడా పాత వెర్షన్ సముద్రమే
ఆటూ పోటూ అవుతుందని.

నాది తప్పు పని కాదు.
పాత వెర్షన్‌కి కన్నం ఉంది.
పోయిన చలికాలం ఆ కన్నంలోంచే
పక్క దీవి కౌంటర్లో మూడు రోజుల వసూళ్ళు పోయాయి;
కిటికీ అద్దం కూడా పగల్లేదు.

లాంచీ దిగేసరికి వాన.
కట్టెల పొయ్యి మీద కెటిల్,
కుర్చీ వీపున ఆరని ఉన్ని కోటు.
"చేద్దువుగానిలే నువ్వొచ్చిన పని" అంది,
"ముందు ఇది చూడు."
రేవుల జాబితా కిందికి లాగింది.
ఇరవై రెండు. ఆమె వేలు తొమ్మిదో పేరు మీద ఆగింది.
పిల్కెన్.

పిల్కెన్‌లో రోసమెల్ ఒక్కడే మిగిలాడు,
రెండు పందులూ, ఒక వెల్లుల్లి మడీ.
గురువారం విడిచి గురువారం బస్తాతో వస్తాడు,
అమ్ముకుని తిరుగు టికెట్ కొంటాడు.
టికెట్ తెగితేనే లాంచీ అక్కడ ఆగుతుంది.
లేకపోతే దూరం నుంచి అతని పొయ్యి పొగ కనబడుతుంది, అంతే.

మార్పుల చిట్టా తెరిచాను.
రాసింది మా ఆఫీసే. చదివినవాళ్ళు లేరు, నాతో సహా.
ప్రింటింగ్ వేగం పెంచాం.
రంగులు కంటికి హాయిగా మార్చాం.
భద్రతా లోపం సవరించాం.
చిన్న చిన్న దిద్దుబాట్లు.

ఆ చిన్న చిన్నవాటిలో ఒకటి, దీవి.

రేపు రేపంటూ ఆమె ఇన్నాళ్ళూ
కాచింది ఒక రేవుని.

ఫోన్ చేశాను. "వాడుకలో లేని రేవులు తీసేశాం సార్"
అన్నాడు అవతలి కుర్రాడు, ఏదో నములుతూ.
"మళ్ళీ చేర్చాలంటే తర్వాతి వెర్షన్. మార్చిలో."
ఇది జూన్.

"మరి కన్నం మాటేమిటి?"
అడిగింది ఆమే, నేను కాదు.
"వదిలేస్తే ప్రమాదమే."
"అయితే నొక్కు."

తొంభై తొమ్మిది శాతం దగ్గర
మొండి గాడిదలా నిలబడిపోయింది.
టీ చల్లారింది.
తర్వాత తెర వెలిగింది, లేత నీలం.
నిజమే, కంటికి హాయిగానే ఉంది.
ఇరవై ఒకటి.

ఎదువీహిస్ ఏమీ అనలేదు.
సొరుగు లాగి, బాల్‌పెన్ తీసి,
చెల్లని టికెట్ వెనక గీసి చూసింది
రాస్తుందో లేదో.

ఆ గురువారం పక్క రేవుకి టికెట్ కొట్టి
పేరు మీద అడ్డగీత గీసి
పైన రాసిందట: పిల్కెన్.
చివరి అక్షరం తోక కాగితం అంచు దాటిపోయిందట.
సరంగు ఉలీసెస్ దాన్ని దీపానికి ఎత్తి పట్టి,
నవ్వకుండా, చుక్కాని తిప్పాడట.
ఖాళీ బస్తా మడిచి చంకలో పెట్టుకుని
రోసమెల్ దిగిపోయాడు.
జాబితాలంటే ఏమిటో అతనికి తెలియదు.

నా పట్టికలో ఇప్పుడు పద్నాలుగూ పచ్చగా ఉన్నాయి.
రిపోర్టులో చివరి గడి: గమనించిన మార్పులు.
కర్సర్ కొట్టుకుంటుంటే
చాలాసేపు చూస్తూ కూర్చుని
రాశాను:
చిన్న చిన్న దిద్దుబాట్లు.
చేత్తో.